నాలుగు గంటల నిద్ర

ఒక అంకె తప్పని తెలిసి కూడా యాభై రెండేళ్ళు దిద్దకుండా ఉంచాను. ఉప్పు బస్తాల లెక్కలో ఒక్కటి తేడా వచ్చినా ఊరుకోనిదాన్ని. ఈ ఒక్కదాన్ని మాత్రం మోస్తూ వచ్చాను. మీకు చెప్పాలన్నా ఇప్పటికీ భయమే.

పంతొమ్మిది వందల అరవైల చివర, కార్తీకంలో తుపాను. నౌపడ దగ్గర ఉప్పు మడులూ పొలాలూ ఒకటే నీరయ్యాయి. ఇళ్ళ కప్పుల మీద చిక్కుకున్నవాళ్ళను మా ఊరి మగవాళ్ళే పడవల్లో తెచ్చేవారు. ఎవరూ పంపలేదు, జీతమూ లేదు. మూడో రోజుకు కొందరు తెడ్డు పట్టుకునే తూగసాగారు. అందుకని పెద్దలు కట్టుబాటు పెట్టారు: నాలుగు గంటలైనా నిద్రపోనివాడు పడవ ఎక్కకూడదు, వరసలో తరువాతివాడు వెళ్ళాలి. పడక ఉప్పు కొట్టంలో. చదువు వచ్చినదాన్నని, ఎవరు ఎన్ని గంటలు పడుకున్నారో రాసే నిద్ర పుస్తకం నాకిచ్చారు.

నాలుగో రోజు మధ్యాహ్నం మా మరిది అప్పన్న కొట్టంలోంచి వచ్చాడు. కళ్ళు నెత్తురు ముద్దలు.

“పడుకున్నావేట్రా?”

“లేదొదినా. కళ్ళు మూస్తే సాలు, నీళ్ళలోంచి సేతులు లేస్తన్నాయి. ఈ పూట నన్నొగ్గెయ్. అన్న తొంగున్నాడు గదా, ఆడ్ని లేపు. ఆడి గురకకి వరదే ఎనక్కి పోతాది.”

నవ్వాడు. నేను నవ్వలేదు. వరసలో తరువాతి పేరు మా ఆయనదే. నా ఒళ్ళో నెలల పిల్ల. అప్పన్న పేరు ఎదుట ‘4’ వేశాను.

“రాసేసినాను. ఎల్రా.”

వాడికి చదువు రాదు. పుస్తకం వైపు కాదు, నా ముఖం వైపు చూశాడు. తెడ్డు తీసుకుని వెళ్ళాడు.

పొద్దు గూకేలోపు పడవ వచ్చింది. వాడు రాలేదు. నిలబడే తూగి నీళ్ళలో పడ్డాడట.

పెద్దలు పుస్తకం చూశారు. నాలుగు గంటలు పడుకున్నవాడు ఎందుకు తూగుతాడు? తాగి ఉంటాడన్నారు. వాడు ఎన్నడూ కల్లు ముట్టలేదు. నేను నోరు విప్పలేదు. మా అత్త, తాగుబోతును కన్నానని ఏడుస్తూ, పదకొండేళ్ళు నా చేతి అన్నమే తిని పోయింది. మా ఆయనకూ చెప్పలేదు.

భయపడి రాశానా, తెలిసి చంపానా? ఆ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో ఎన్నిసార్లు వెతికినా నాకు దొరకలేదు. ఇప్పుడు కళ్ళు మూస్తే ఆ చేతులు నాకు లేస్తున్నాయి. ఒక చేతిలో తెడ్డు ఉంటుంది.

ఇవాళ పెట్టె అడుగునుంచి పుస్తకం తీశాను. ‘4’ కొట్టేసి, పక్కన సున్నా వేశాను. అప్పన్న తాగలేదు. నిద్రపోలేదు.