మూట కాస్తా మాటైన వైనం

మా బావ గురించి రాయడానికి నాకంటే అర్హుడు లేడు. ఆయన అక్షరాలు పేర్చాడు, నేను దిద్దాను. మా ఊరి బడిలో ఒక్కడే పంతులు, ఐదు తరగతులకూ ఒకటే గది. అయినా డిక్టేషన్‌లో నాకు నూటికి నూరు తప్ప ఎప్పుడూ రాలేదు. ఆ చదువుతోనే ప్రెస్సులో ముప్పై ఆరేళ్లు ప్రూఫులు దిద్దాను. నాలుగు వందల పన్నెండు పుస్తకాలు నా ఎర్ర సిరా దాటాకే బయటికి వెళ్లాయి. పెద్ద పెద్ద డిగ్రీలవాళ్లు కూడా అరసున్న ఎక్కడ పెట్టాలో నన్నే అడిగేవారు. చెప్పేవాణ్ణి.

బావ అంటే మా అక్క భర్త, ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్. అక్కడ అందరూ ‘ఒత్తుల బావ’ అనేవారు. సీసపు అక్షరాలు తిరగేసి ఉంటాయి కదా, ఆయన వాటిని మనం గోడమీది బోర్డు చదివినంత తేలిగ్గా చదివేవాడు. అక్షరాల కేసులో ఏ గడిలో ఏది ఉందో ఆయన వేళ్లకే తెలుసు. ఇంట్లో అక్క ఉప్పు డబ్బా ఉండాల్సిన చోట చక్కెర డబ్బా పెడితే మాత్రం కస్సుమనేవాడు. “గడి మారితే అర్థం మారుతుందే!”

మేమిద్దరం చేసిన వాటిలో గొప్పది పడవ గురువు బోధల పుస్తకం. రెండు వందల ఏళ్ల కిందట జనాన్ని ఏరు దాటిస్తూ, తెడ్డు వేస్తూనే నాలుగు మంచి ముక్కలు చెప్పిన మనిషి ఆయన. ఆయన పేరుమీద ఒక మందిరం ఉంది, దానికో కార్యదర్శి ఉన్నాడు. పోయినేడు అక్కడ ఒక తెర పెట్టారు. మేము అచ్చువేసిన పుస్తకం మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించారట. అది గురువు ముఖంతో, గురువు గొంతుతో జవాబులు చెబుతుంది. ఆ గొంతు ఎవరు విన్నారో నాకు తెలియదు. ఏమడిగినా చివరికి ఒకటే మాట: “మాట దాచకు.”

జనం విరగబడ్డారు. అత్తాకోడళ్లు మనసులో ఉన్నది మొహమ్మీదే అనేసుకుని, ఆ తగువు తీర్చమని మళ్లీ గురువు దగ్గరికే వచ్చేవారు. ఆ రెండు ముక్కలూ గుమ్మం పైన రాతిలో చెక్కించాలని కమిటీ తీర్మానించింది. దానికి ముందు, ఒక్క అచ్చుతప్పూ లేని పుస్తకం ఇచ్చినందుకు మా ఇద్దరికీ సన్మానం.

ఆ కబురు విన్నప్పటినుంచి బావకు ముద్ద దిగలేదు. అక్కను వెంటబెట్టుకుని తెర ముందుకు వెళ్లాడు.

“స్వామీ, మీరన్నది మాట కాదు, మూట. పడవెక్కేవాళ్లు మూటలు కాళ్లకింద దాచుకుంటే పడవ ఒరుగుతుందని ‘మూట దాచకు’ అన్నారు. కూడబెట్టి దాచుకోవద్దని భావం.”

“నాయనా, నేను మాట అనే అన్నాను. పదకొండో పేజీ చూడు.”

“ఆ పేజీ కట్టింది నేనే స్వామీ! ‘మూ’ గడిలో ‘మా’ కలిసిపోయింది. అచ్చయ్యాక చూసుకున్నా.”

“నీ మనసులో ఏదో బరువుంది. మాట దాచకు.”

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. “విన్నారా? మీరు చేసిన తప్పే కూర్చుని మీకు బుద్ధి చెబుతోంది.”

అక్కణ్ణుంచి తిన్నగా మా ఇంటికొచ్చారు.

“బావమరిదీ, ముప్పై ఒక్క ఏళ్లుగా నీ దగ్గర కూడా దాచా. యజమాని పనిలోంచి తీసేస్తాడని భయపడ్డా,” అని జరిగిందంతా చెప్పాడు.

నాకు ఒళ్లు మండింది. “నా కళ్లు దాటి తప్పు పోవడమా? నేను దిద్దిన పుస్తకంలోనా?”

“ఇలా అరుస్తావనే నీకు చెప్పలేదు.”

సంచిలోంచి పాత రాతప్రతి, ప్రూఫు తీశాడు. రాతప్రతిలో ‘మూట’. ప్రూఫులో ‘మాట’, పక్కనే ఎర్ర సిరాతో నా పొట్టి సంతకం. అక్షరం తప్పితే పట్టుకుంటాను. తప్పిన అక్షరానికి కూడా చక్కటి అర్థముంటే? బాగుందనుకుని దాటిపోయాను. నా సర్వీసు మొత్తంలో అదొక్కటే. ఇంకోటి ఉందని ఎవరైనా చూపించమనండి.

“ఇప్పుడు చెబితే ముప్పై ఆరేళ్ల పేరు పోతుంది బావా,” అన్నాను.

“రాతిలో చెక్కాక దిద్దడానికి నీ ఎర్ర సిరా పనికిరాదు,” అన్నాడు.

సన్మానం రోజున కార్యదర్శి జ్ఞాపిక ఇవ్వబోతుంటే బావ మైకు లాక్కుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సంతకం నాదేనని నేనూ లేచి చెప్పాను. హాలంతా చప్పట్లు మొదలయ్యాయి, ఎంతకీ ఆగలేదు.

“చూశారా గురువుగారి మహిమ!” అన్నాడు కార్యదర్శి. “మాట దాచకు అన్నారు. ఈ పెద్దాయన దాచలేదు!”

“అయ్యా, నేను మొత్తుకునేదే అది. ఆయన అలా అనలేదు.”

“అనకపోతే మీరెందుకు చెప్పారండీ?”

బావ మైకు ఆయన చేతిలోనే పెట్టి వేదిక దిగిపోయాడు.

రాయి ‘మాట’తోనే చెక్కారు. వారం తిరక్కుండా బావ సంగతి కూడా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఇప్పుడు వెళ్లి అడిగితే పడవ గురువు ఇలా చెబుతాడు: “నాకొక కంపోజిటర్ శిష్యుడుండేవాడు. తప్పు చేశానని కుమిలిపోయాడు పాపం. ఆ రోజు ఆ అక్షరాన్ని అతని వేళ్లకు అందించింది నేనే.”

అది విని బావ మందిరం మెట్లమీద చతికిలబడ్డాడు.

“పోనీ లెండి,” అంది అక్క. “మీ తప్పు కాదని గురువే అన్నాడుగా.”

“ఇన్నేళ్లలో నేను పేర్చినవన్నీ ఎవరో రాసినవేనే,” అన్నాడు బావ. “నా సొంతం అనుకోడానికి ఆ ఒక్క తప్పే ఉంది. దాన్నీ ఆయనే పట్టుకుపోయాడు.”