మామకు వాసన చెప్పిన రోజులు

మొన్న జలుబు చేసి తగ్గాక, ఒక సాయంత్రం ఖమ్మంలో మా ఇంటి వరండాలో కూర్చుని, గ్లాసులో రవ్వంత విస్కీ పోసుకుని అలవాటు ప్రకారం ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా తెలియలేదు. గ్లాసు తిప్పి చూశాను, అరచేత్తో కాసేపు మూసి మళ్లీ చూశాను, మంచినీళ్లను వాసన చూసినట్టే ఉంది. కొన్నాళ్లకు ముక్కు దారికొచ్చింది కానీ, ఆ సాయంత్రం నాకు పట్టిన భయం చెబితే ఇంట్లోవాళ్లు నవ్వారు, ఈ వయసులో కళ్లూ కాళ్లూ బాగుంటే చాలదా, ముక్కుతో ఏం పని అని. విస్కీ అంటే గొంతులో దింపుకునే సరుకే అనుకునేవాళ్లతో వాదనెందుకని ఊరుకున్నాను. నాకు మాత్రం మా మేనమామ గుర్తొచ్చాడు, ఆయనతోపాటు మా అక్క సంబంధం తెగిపోయేదాకా వచ్చిన ఒక మధ్యాహ్నమూ గుర్తొచ్చింది.

మామ మిలిటరీలో చేసి వచ్చి తల్లాడ దగ్గర మా ఊళ్లో సేద్యం పెట్టుకున్న మనిషి. నాన్న మా చిన్నతనంలోనే పోవడంతో మాకు పెద్దదిక్కు ఆయనే. నేను భద్రాచలంలో తునికాకు డిపోలో గుమాస్తాగా కుదిరిన కొత్తలో, సెలవుకు ఇంటికి వస్తే చాలు, మిలిటరీ క్యాంటీన్ నుంచి తెచ్చుకున్న సీసాలు ముందు పెట్టి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. చుక్క అరచేతిలో వేసి రుద్ది, ఘాటు ఎగిరిపోయాక మిగిలేదే అసలు వాసన అని నేర్పింది ఆయనే. ఒకే పేరున్న రెండు సీసాల మధ్య తేడా కూడా పట్టేవాడు. ఆయన తాగేది తక్కువ, వాసన చూసేది ఎక్కువ. ఆయన తల్లి, అంటే మా అమ్మమ్మ, మా ఇద్దరి వాలకం చూసి "వాసన జూసుడే అయితే మల్లెపూలు కొనుక్కోరాదుర, అగ్గువకు వస్తయి" అని దెప్పేది.

మా ఇళ్లలో సంబంధం మాట్లాడుకునేటప్పుడు మగపెళ్లివారు తెచ్చింది, కల్లు కానీ మరొకటి కానీ, ఆడపిల్ల మేనమామ అందరికంటే ముందు తాగాలి. ఆయన గ్లాసు ఖాళీ చేస్తే మాట ఖాయమైనట్టు, కింద పెట్టేస్తే సంబంధం వద్దన్నట్టు. అక్కకు అంతకుముందు కుదిరిన సంబంధం ఒకటి ఏదో పట్టింపు మీద చెడిపోయి, ఊళ్లో నోళ్లు రకరకాలుగా మాట్లాడుతున్నాయి. పర్ణశాల దిక్కు నుంచి వచ్చిన ఈ అబ్బాయి అక్కకు నచ్చాడు. ఆ సంగతి ఆమె నోటితో చెప్పలేదు, పొద్దుటి నుంచి అద్దం దగ్గర నుంచి కదలకపోవడం చూసి మేమే తెలుసుకున్నాం.

అబ్బాయి తండ్రి మంచివాడు. మా మామ సరదా సంగతి ఎవరి దగ్గరో విని, ఎవరినో పట్టుకుని ఫారిన్ సీసా తెప్పించి, తాంబూలం పళ్లెంలో పెట్టి తీసుకొచ్చాడు. ఆయనే మూత తీసి గ్లాసులో పోసి మామకు అందించాడు. మామ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసి, సరుకు మొదటి రకమనీ, పొగ వాసన అద్భుతంగా ఉందనీ అందరూ వినేలా మెచ్చుకున్నాడు. తర్వాత, మా అల్లుడు కూడా వాసనలో గట్టివాడని గర్వంగా చెప్పి ఆ గ్లాసే నా ముక్కు దగ్గర పెట్టాడు.

అందులో పొగ లేదు, ధాన్యం లేదు. వడ్రంగులు పాలిష్‌లో కలుపుకునే స్పిరిట్ కంపు గుప్పుమంది. ఎక్కడో కల్తీ మందు తాగి చూపు పోగొట్టుకున్నవాళ్ల కబుర్లు డిపోలో తరచూ వింటూ ఉండేవాణ్ని, అవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అంత కంపు మామకు ఎలా తెలియలేదా అని ఆయన మొహంలోకి చూశాను, చూడగానే అర్థమైంది. ఆ చలికాలం పెద్ద జ్వరం వచ్చి తగ్గాక, పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా కమురు కొడుతున్నా పక్కనే కూర్చుని పేపరు చదువుకున్న మనిషి. ఆయన ముక్కు పోయింది, దాన్ని మాకెవరికీ తెలియనివ్వకుండా నెట్టుకొస్తున్నాడు.

ఇప్పుడు నేను నోరు తెరిస్తే, కల్తీ తెచ్చాడని నిండు సభలో అబ్బాయి తండ్రి పరువు పోతుంది, దాన్ని మెచ్చుకున్న మామ పరువూ పోతుంది, అక్క సంబంధం మళ్లీ గడప దగ్గరే ఆగిపోతుంది. తెరవకపోతే మామ తాగుతాడు. గ్లాసు పెదవుల దాకా వెళ్లింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆయన మణికట్టు పట్టుకున్నాను. మామ కోపంగా చూశాడు. అబ్బాయి తండ్రి మొహం మాడిపోయింది.

"ఏంది బాబూ, మేం తెచ్చింది పనికిరాదా?" అన్నాడు.

అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని ఉన్న అమ్మమ్మ లేచి వచ్చి, మామ చేతిలోని గ్లాసు తీసుకుంది.

"సాక పొయ్యకుండనే నోట్ల పెడ్తవా కొడుకా? మీ నాయిన ఇసుంటి సీస కంటితోని జూసిండా? ముందు ఆయనను తాగనీ."

పోయిన పెద్దల పేరు మీద నాలుగు చుక్కలు నేల మీద పోయడాన్నే సాక అంటారు. అమ్మమ్మ గ్లాసుతో ఆగలేదు. సీసా అందుకుని వాకిట్లోకి వెళ్లి, తాతను పేరు పెట్టి పిలుస్తూ చుక్క మిగలకుండా వంపేసింది. స్పిరిట్ కంపు వాకిలంతా లేచింది. మగపెళ్లివారిలో ఒకాయన ముక్కు ఎగబీల్చాడు. అమ్మమ్మ వెనక్కి తిరగకుండానే అక్కను కేకేసి నిప్పుల మీద ఊదు వెయ్యమంది, ఆ పొగలో అంతా కలిసిపోయింది. తాను తెచ్చింది మొత్తంగా వియ్యాలవారి పెద్దలకే ముట్టిందని అబ్బాయి తండ్రి చేతులు జోడించాడు, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపల కుండలో ఉన్న కల్లు ఆయన చేతే పోయించి మామకు ఇప్పించింది అమ్మమ్మ. మామ గ్లాసు ఖాళీ చేశాడు, అక్క పెళ్లి ఖాయమైంది.

అంత దూరం నుంచి నీకెలా తెలిసిందని తర్వాత అమ్మమ్మను అడిగితే, "నీ మొఖం జూసిన బిడ్డా, నాకు వాసనెందుకు?" అంది.

మర్నాడు మామ నన్ను చేను గట్టు మీదికి పిలిచి, గ్లాసులో ఏముందని అడిగాడు. చెప్పాను. "ముక్కు పొయ్యి శానా రోజులైంది అల్లుడా, ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. ఆయన కన్నీళ్లు పెట్టుకోవడం నేను చూసింది అప్పుడే.

అప్పటి నుంచి కొత్త సీసా వస్తే, నేను భద్రాచలం బస్సు దిగేదాకా మూత తీసేవాడు కాదు. నేను వాసన చూసి చెప్పాలి, ఆయన కళ్లు మూసుకుని విని, ఆ తర్వాత గుక్క వేయాలి. బాగుంది అని ఊరుకుంటే ఒప్పుకోడు, కసురుకునేవాడు. అందుకని వానకు తడిసిన గోనెసంచి అనీ, ఎండలో ఆరబోసిన ఇప్పపూవు అనీ, బెల్లం పెనం అడుగున మాడిన చెక్కు అనీ వెతికి వెతికి చెప్పేవాణ్ని. ఆయనకు తెలిసిన మాట తగిలితే మొహం విప్పారేది, ఆ ఒక్క క్షణం ముక్కు తిరిగి వచ్చినట్టే ఉండేది. విస్కీ గురించి నాకు తెలిసిందంతా అలా ఆయనకు చెప్పడంలో నేర్చుకున్నదే.

మామ పోయి చాలాకాలమైంది. ఆ రోజుల్లో పేర్లు కూడా వినని విస్కీలు ఇప్పుడు ఖమ్మంలోనే దొరుకుతున్నాయి. నాలాంటి సరదా ఉన్న మిత్రులం అప్పుడప్పుడు కలుస్తాం, అందరూ వాసన తెలిసినవాళ్లే, ఎవరి గ్లాసు వాళ్లు వాసన చూసుకుని, ఫోన్లలో మార్కులు వేసుకుంటారు. అందులో తప్పేమీ లేదు. నాకే, మంచి వాసన ఒకటి తగిలి దానికి సరైన మాట దొరికినప్పుడు, కళ్లు మూసుకుని వినేవాడెవరైనా ఉన్నాడేమోనని పక్కకు చూడడం ఇంకా మానలేదు.