వెల్ల కింద కన్ను

లాన్‌హెస్గిన్ అనే ఊళ్లో ఇద్వల్ అన్న పేరు ఇద్దరికి ఉంది. ఒకాయన గొర్రెల ఇద్వల్, ఇంకొకాయన సున్నం ఇద్వల్. చర్చి, మూతపడ్డ మిల్లు, రాతి వంతెన, పాత ధాన్యపు కొట్టం, ఊళ్లో వందల ఏళ్ల నాటి కట్టడం ఏదైనా సున్నం ఇద్వల్ చేతి చలవతో నిలబడ్డదే. తండ్రి ఎమ్రిస్ పార్రీ దగ్గర పని నేర్చి ఇరవయ్యో ఏట కుంచె పట్టినవాడు, అరవై ఒకటి వచ్చినా దింపలేదు.

ఆ ఏడు చర్చి ఉత్తరపు గోడ చెమ్మెక్కింది. మే నెలలో నాలుగు రోజులు ఎండ కాయగానే, ఉబ్బిన పూత గోకి కొత్తగా వెల్ల వేద్దామని ఇద్వల్ నిచ్చెన ఎక్కాడు. భార్య మెన్నా కింద బల్లల మీద పాత దుప్పట్లు కప్పుతోంది. గోకుడు కత్తి అలా తగిలిందో లేదో, అరచేయంత పెచ్చు ఊడి ఆమె పక్కనే పడింది.

"కళ్లు పెట్టుకుని గోకవయ్యా! నా నెత్తి పగిలేది," అంది మెన్నా. పైన గోకుడు ఆగిపోయింది. "నిన్నే! చెవుడు కూడా వచ్చిందా?"

"మెన్నా, ఒకసారి పైకి రా."

"ఈ మోకాళ్లతోనా?"

"గోడలోంచి ఎవరో నన్ను చూస్తున్నారే."

అది కన్ను. నల్లటి గీతలో, గుండ్రంగా, కనురెప్పే లేని కన్ను. ఇద్వల్ నిచ్చెన దిగి ముందు వరస బల్ల మీద కూలబడ్డాడు. ఆ గోడకు తాను నలభై సార్లు వెల్ల వేశాడు. నలభై సార్లు ఆ కంటి మీద కుంచె ఆడించాడు.

నెల తిరక్కుండా కార్డిఫ్ నుంచి నెస్టా అనే పాత గోడబొమ్మల నిపుణురాలు వచ్చింది. సన్నటి చాకులతో పొర మీద పొర ఒలిచింది. ఆరువందల ఏళ్ల నాటి బొమ్మ బయటపడింది. ఆ కన్ను ఒక అస్థిపంజరానిది. అది ఎర్ర చొక్కా పిల్లవాడి మణికట్టు పట్టుకుని లాక్కుపోతోంది. చూడవచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఆరాధనకు వచ్చి ఇన్నాళ్లూ దీని ముందు కునుకు తీశామా!" అన్నాడు గొర్రెల ఇద్వల్, టోపీ తీసి.

"మీ వెల్లే దీన్ని కాపాడింది, ఇద్వల్ గారూ," అంది నెస్టా. ఆయన సగమే నమ్మాడు.

మూడో వారం ఆమె మళ్లీ పిలిచింది. ముఖంలో మునుపటి ఉత్సాహం లేదు. పిల్లవాడి పాదాల దగ్గర ఒక పూత మిగతావాటికి మూడింతల మందంగా ఉంది. అది పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో మేకుతో గీశారు. ఇద్వల్ వంగి చదివాడు. "ఎ. పా. 1951. చూడకండి."

"ఈ ఎ. పా. ఎవరో తెలుసా మీకు?"

తెలుసు. చిన్నప్పుడు ఆయన లెక్కల పుస్తకాల అట్టలన్నిటి మీదా తండ్రి రాసిన పేరులో ఆ వంకర 'పా'యే ఉండేది. తండ్రి ఈ బొమ్మను చూశాడు. చూసి, మూసేశాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా బతికి, పక్కనే నిలబడి కొడుక్కి కుంచె పట్టడం నేర్పి, ఒక్క ముక్క చెప్పలేదు.

ఇద్వల్ తిన్నగా వంతెన పక్కనున్న మోర్విద్ ఇంటికి నడిచాడు. తొంభై ఏళ్ల ఆ ముసలామెకు ఎమ్రిస్ కాలం తెలుసు. గోడ మీది బొమ్మ, దాని దగ్గర తండ్రి రాత సంగతి చెప్పి అడిగాడు.

"యాభై ఒకటిలో ఏం జరిగింది పెద్దమ్మా?"

టీ పోస్తున్న చెయ్యి ఆగింది. "ఆ ఏడేగా మీ అన్న గ్విలిమ్ పోయింది."

"తెలుసు. జ్వరంతో."

"జ్వరమని నీకు చెప్పారు, నాయనా. మీ నాన్న మిల్లు కప్పు బాగుచేస్తున్నాడు. పిల్లాణ్ణి వెంట తీసుకెళ్లాడు. 'ఇక్కడే ఉండరా' అని నిచ్చెనెక్కాడు. దిగొచ్చేసరికి పిల్లాడు నీళ్ల చక్రం కింద ఉన్నాడు. ఆరేళ్లు. మట్టి చేసిన మూడో వారమే చర్చికి వెల్ల వెయ్యడానికి వెళ్లాడు. మధ్యాహ్నానికి పాలిపోయిన ముఖంతో మా వాకిట్లోకొచ్చి, 'అది నా బిడ్డను తీసుకుపోతోంది మోర్విద్' అన్నాడు. పిచ్చెక్కిందనుకున్నాం. ఏ గోడ, ఏ బొమ్మ అన్నది ఈ రోజు నువ్వు చెప్తేగానీ నాకూ తెలీదు."

ఇద్వల్ ముందున్న కప్పులో టీ చల్లారిపోయింది. తాను అదే మిల్లు కప్పును పన్నెండు సార్లు బాగుచేశాడు. ఒక్కసారి కూడా తండ్రి తనతో అక్కడికి రాలేదు. నడుము నొప్పి అనేవాడు.

తర్వాత నెల రోజులు ఆయన చర్చి గడప తొక్కలేదు. చివరికి నెస్టాయే ఇంటికొచ్చింది. పిల్లవాడి పాదాలు బయటికి రావాలంటే ఆ అక్షరాలు పోతాయి, అక్షరాలు ఉండాలంటే పాదాలు మరుగునే ఉండాలి. ఊరి సంఘం ఆయన్నే అడగమంది.

"అక్షరాలు ఉంచండమ్మా," అన్నాడు ఇద్వల్. "ఆ పాదాలు మా నాన్న కప్పినవి. అలాగే ఉండనీండి."

పని పూర్తయి గోడను అందరికీ చూపించిన రోజు ఊరంతా వచ్చింది. ఇద్వల్ మోర్విద్‌ను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని బొమ్మలోని పిల్లవాణ్ణి చూసింది.

"మన గ్విలిమ్‌ది ఇంత నున్నటి జుట్టు కాదు," అంది.

జ్వరంతో పోయాడన్న ఒక్క మాట తప్ప, ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తగా ఇద్వల్ వినలేదు. అన్న ఎలా ఉండేవాడో అడగాలని కూడా ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

"మరి ఎలా ఉండేది, పెద్దమ్మా?"

"ఉంగరాలు. దువ్వెన దిగేది కాదు. మీ అమ్మ తిట్టుకుంటూ దువ్వేది," అంటూ మోర్విద్ చెప్పడం మొదలుపెట్టింది.