కన్ను మూసిందెవరు?

గట్టిగా అరిస్తేనే ఫోన్లో అవతలివాళ్ళకు వినపడుతుందని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. కొత్తగా ఉద్యోగంలో చేరి, నాచారంలో ఓ చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఆప్టికల్ ఫైబర్‌లో సిగ్నల్ వెలుగు తళుకులుగా సాగుతుంది. దూరం వెళ్ళేకొద్దీ ఆ తళుకులు వెడల్పై, ఒకదాని మీదికొకటి ఎక్కి, కలగాపులగమైపోతాయి. దారిలో మరో రకం ఫైబర్ చుట్టను తగిలిస్తే మళ్ళీ దగ్గరికొస్తాయి. మేం చేసేది ఆ చుట్టలే. సిగ్నల్ బాగుంటే పరీక్ష తెర మీద తెరిచిన కన్నులాంటి బొమ్మ వస్తుంది, చెడితే అది మూసుకుపోతుంది. మా వాడుకలో దాని పేరు 'కన్ను'. (ఇంతకన్నా వివరంగా చెప్పమంటే ఇప్పటికీ నాకు తడబాటే.)

ఓ రోజు కొనుగోలుదారులు చుట్టను చూడటానికి వస్తున్నారు. పొద్దున్నే గది బయట నిలబడి మా మేనేజరుకు ఫోన్ చేశాను. "దగ్గరున్నంతసేపు మంచిగనే ఉండె సార్. దూరం పోయినకొద్దీ చిన్నగైంది. రాత్రి కన్ను పూర్తిగ మూసుకున్నది. నాకైతే ఆశ లేదు." కొత్త చుట్ట వచ్చింది, త్వరగా రమ్మన్నాడాయన.

స్నానం చేసి వచ్చేసరికి మా ఇంటి ఓనరమ్మ మెట్ల మీద కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. జనగామ దగ్గర మా ఊళ్ళో నాయనమ్మ మంచాన పడిందని ఆమెకు తెలుసు. "మీ నాయనమ్మ కన్ను మూసిందట గద బిడ్డా!" అంది. ఇంటి నుంచి ఆమెకే ఫోన్ వచ్చిందనుకున్నాను. పక్కన కూలబడి నేనూ భోరుమన్నాను. నేను ఏడవడం చూసి ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది. రైల్వేలో పనిచేసి రిటైరైన ఓనర్ అంకుల్ ఆటో పిలిచి, నన్ను ఎక్కించి, తనూ ఎక్కాడు. ఉప్పల్లో జనగామ బస్సు ఎక్కించే ఏర్పాటు.

దారిలో నాన్నకు ఫోన్ చేస్తే నాయనమ్మే ఎత్తింది. "ఏందిరా, పొద్దుగాల్నే? తిన్నవా?"

ఫోన్ పెట్టేసి, "అంకుల్, మీకెవరు చెప్పిన్రు?" అన్నాను.

"నువ్వే గదయ్యా ఫోన్ల జెప్పినవ్, కన్ను మూసుకున్నదని!"

విషయం విప్పి చెప్పాను. ఆయన నమ్మలేదు. దుఃఖంతో మతి చలించిందనుకున్నాడు. నేను ఆటోను నాచారం తిప్పిస్తే, నన్ను ఒంటరిగా వదలలేక నాతోపాటే ల్యాబులోకి వచ్చాడు. కొనుగోలుదారులు అప్పటికే కూర్చుని ఉన్నారు. మేనేజరు నా ఎర్రటి కళ్ళ వంకా, వెనకున్న పెద్దాయన వంకా చూసి, కొత్త చుట్టను నా చేతిలో పెట్టాడు. దాన్ని తగిలించాను. తెర మీద మసక మెల్లగా విడిపోయి బొమ్మ తేరుకుంది.

"తెరిసింది! కన్ను తెరిసిందయ్యా!" అని అంకుల్ చప్పట్లు కొట్టాడు. ఆయన కంపెనీ సలహాదారు అనుకుని కొనుగోలుదారులు లేచి చేయి కలిపారు. ఆర్డర్ వచ్చింది.

ఇప్పుడా దిద్దుబాటంతా చిప్పులోనే లెక్కలు కట్టి చేసేస్తున్నారు. నా టీములో కొత్తవాళ్ళు ఆ చుట్టల్ని చూసి ఎరగరు. నాయనమ్మ మాత్రం లేచి తిరిగింది. బతికుండగానే మనవడు తన కోసం ఏడ్చాడని ఊరంతా గొప్పగా చెప్పుకుంది. కొన్నేళ్ళకు నిజంగానే వెళ్ళిపోయినప్పుడు నాకు కన్నీళ్ళు రాలేదు. "వాడు ఎన్నడో ఏడ్సిండు, ఇడ్వుండ్రి" అని మేనత్త చుట్టాలకు సర్దిచెప్పింది. ఆ చావింట్లోనే, తల వంచుకుని, కాస్త నవ్వుకున్నాను.