అత్తయ్యగారు నా పక్కన కూర్చుని తిన్న ఉడోన్

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే భీమవరం నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. అత్తయ్యగారు రాత్రి నిద్రలోనే పోయారట. నా భార్య ఫోన్ చెవికి ఆనించుకునే వంటింట్లో నేల మీద కూలబడిపోయింది. ఏం జరిగిందో తెలియని మా పాప "మమ్మీ, వాస్ ఇస్ట్?" అని జర్మన్‌లో ఏమైందని అడుగుతూ చుట్టూ తిరుగుతోంది.

అత్తయ్యగారు నా ముందు భోంచేసేవారు కాదు. అల్లుడి ఎదుట తినకూడదన్నది వాళ్లింటి పద్ధతి. నేను తింటుంటే తలుపు పక్కన నిలబడి, విస్తట్లో ఏది తగ్గుతోందో చూస్తుండేవారు. "మీరూ కూర్చోండి అత్తయ్యగారూ" అంటే "మీరు కానివ్వండి బాబూ" అనేవారు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండేది. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా నెత్తిన నిలబడితే ముద్ద దిగుతుందా?

కరోనా వచ్చిన ఏడాది కూతురి కాన్పుకని జర్మనీలో మేముండే బ్రెమెన్ వచ్చారు. ఆవిడ దిగిన కొద్ది రోజులకే విమానాలు ఆగిపోయాయి. కాన్పు నాటికి ఆసుపత్రిలోకి భర్తను తప్ప ఇంకెవరినీ రానివ్వడం లేదు. అంత దూరం నుంచి పురుడు పోయడానికి వచ్చిన మనిషి గేటు దగ్గరే ఆగిపోయారు. నన్నయినా రోజుకు ఒక గంటే ఉండనిచ్చేవాళ్లు. ఆ గంటసేపూ ఆవిడ బయట బెంచీ మీద కూర్చునేవారు. ఇంట్లో ఉండండి అంటే వింటేగా!

"గోడకి అవతలే కదండీ ఉంది. ఇక్కడుంటే దాని దగ్గరున్నట్టే ఉంటది" అనేవారు.

మొదటి రోజు నేను బయటికొచ్చి ఫోన్లో పాప ఫోటో చూపించాను. "ముక్కు మాదే" అని కళ్లు తుడుచుకున్నారు. పొద్దుట్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదని అప్పుడు తెలిసింది. రోడ్డుకి అవతల నాకిష్టమైన జపాన్ హోటల్ ఉంది. లావుపాటి గోధుమ నూడుల్స్, వేడివేడి చారులో వేసి ఇస్తారు, అదే ఉడోన్. హోటళ్లు అప్పుడప్పుడే మళ్లీ తెరుస్తున్నారు. లోపల వంటగది వైపు తిరిగి ఒక పొడుగాటి బల్ల, దాని వెంట స్టూళ్లు. నేను కూర్చున్నాను. ఆవిడ అలవాటు ప్రకారం నా వెనక నిలబడ్డారు!

"ఇక్కడ ఎదురెదురు కాదు కదండీ?"

"కాదండీ, పక్కపక్కనే."

కాసేపు ఆలోచించి, "అయితే పర్లేదు" అని ఎక్కి కూర్చున్నారు.

గిన్నెలు వచ్చాయి. ఆవిరికి ఆవిడ కళ్లద్దాలు తెల్లబడ్డాయి. తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "అద్దాలు తీసేశాను, ఇప్పుడు మీరు నాకు కనపడరు. కానివ్వండి" అన్నారు. నవ్వు ఆపుకుని నా గిన్నెలోకి తల వంచాను. పక్కనుంచి సర్రున జుర్రిన చప్పుడు వినిపించి, ఠక్కున ఆగిపోయింది.

"చప్పుడైందండీ. ఏమనుకుంటారో?"

"చప్పుడు చేయకపోతేనే బాగాలేదనుకుంటారు అత్తయ్యగారూ."

"అయితే మనోళ్లే!" అన్నారు, ఇక ఆగలేదు.

తల్లీబిడ్డా ఇంటికొచ్చేదాకా రోజూ అక్కడికే వెళ్లాం. ఒకరోజు చేతిసంచిలోంచి కందిపొడి తీసి చారులో చల్లుకున్నారు. హోటలాయన వింతగా చూస్తే ఆయన అరచేతిలోనూ కాస్త వేశారు. రుచి చూసి ఆయన మళ్లీ చెయ్యి చాపాడు. ఇంటికొచ్చాక మాత్రం అత్తయ్యగారు మళ్లీ తలుపు పక్కకే. "మీరు కానివ్వండి బాబూ." కానీ ఆ మాటకి నాకు చిరాకు రావడం మానేసింది.

ఈ సంగతి చెబితే నా భార్య నమ్మేది కాదు. "మా అమ్మ? నీ పక్కన కూర్చుని? జుర్రుకుంటూ? చాల్లే, కోతలు కొయ్యకు" అనేది. తిరిగి వెళ్లాక వీడియో కాల్లో అత్తయ్యగారు ఆ కొట్టు ఉందా, మూసేశారా అని అడిగినప్పుడు కూడా నవ్వేసి ఊరుకుంది.

కర్మలన్నీ అయ్యాక బ్రెమెన్ తిరిగొచ్చాం. పాపను కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, దింపి వస్తుంటే నా భార్య దారిలో ఆగిపోయింది.

"అమ్మ తినడం నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. అందరికీ పెట్టేసి వంటింట్లో ఎప్పుడు తినేదో ఏమో. నువ్వు చూశావు. నన్నక్కడికి తీసుకెళ్లు."

నేనూ చూడలేదు, విన్నానంతే. ఆ మాట చెప్పలేకపోయాను.

హోటలాయన నన్ను గుర్తుపట్టి, "ఓమా?" అని అడిగాడు. అమ్మమ్మ ఏదీ అని. తల అడ్డంగా ఊపాను. ఆయన లోపలికి వెళ్లి రెండు గిన్నెలు తెచ్చి పెట్టాడు. వాళ్లమ్మ కూర్చున్న స్టూలు మీదే నా భార్య కూర్చుంది. గిన్నె మీదికి వంగగానే కళ్లద్దాలు తెల్లబడ్డాయి. తీసి ఒళ్లో పెట్టుకుంది. అద్దాల సంగతి నేను తనకెప్పుడూ చెప్పలేదు.

కాసేపటికి పక్కనుంచి సర్రున చప్పుడు. ఆ వెంటే ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా. నేను అటు తిరగలేదు. నా గిన్నెలోకే చూస్తూ, అంతకంటే గట్టిగా జుర్రాను.