నిమ్మచెట్టు మొదట్లో జొన్నలు

నా చిన్నప్పుడు కుండలు తోమడంలో నన్ను మించినవాళ్లు మా వాడలో లేరని మా అమ్మ అందరికీ గొప్పగా చెప్పుకునేది. ఆ గొప్పే ఒకరోజు నా కొంప ముంచింది.

నిజామాబాద్‌లో మా వెనక వీధిలో ఒక మౌల్వీ సాబు ఉండేవారు. బడిలో ఫార్సీ చెప్పి మానుకున్న పెద్దాయన. ఇంటి ముందరి రెండు గదుల నిండా పాత నాణేలు, విరిగిన విగ్రహాలు, తుప్పు పట్టిన కత్తులు పేర్చి, దానికి అజాయబ్‌ఖానా, అంటే వింత వస్తువుల శాల, అని పేరు పెట్టుకున్నారు. శుక్రవారం నమాజు తర్వాత తలుపులు తీస్తే ఎవరైనా వెళ్లి చూడొచ్చు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వస్తోందని అప్పట్లో రైతులు చెరకు కోసం కొత్త బావులు తవ్వేవాళ్లు. తవ్విన చోట ఏదో ఒకటి బయటపడేది, అది సాబు ఇంటికి చేరేది.

ప్రతి వస్తువు ముందూ ఉర్దూలో ఒక చీటీ ఆయనే రాసి పెట్టేవారు. తెలుగు చీటీలు రాయడానికి పన్నెండేళ్ల నన్ను పెట్టుకున్నారు. ఆడపిల్లను పంపడం మా నాన్నకు, అంటే బాపుకు, ఇష్టం లేదు. "ఒక్క మాటొచ్చిందో, మల్ల గడప దాటేది లేదు" అన్నాకే ఒప్పుకున్నాడు. నాకేమో ఆ రెండు గదులంటే ప్రాణం.

ఒకనాడు రెంజల్ అనే ఊరి నుంచి ఒక రైతు తన బావిలో దొరికిన కుండను రుమాలులో కట్టి, బండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. దాని నిండా గట్టిపడిన మట్టి. "గిండ్ల ఏం వండుకున్నరో సూసి చెప్పుండ్రి సాబ్, శుక్రారం వస్త" అని, అదొక్కటే అడిగి పోయాడు.

మర్నాడు సాబు బజారుకు వెళ్లారు. వచ్చేసరికి మెచ్చుకోవాలని నేను ఆ కుండను సాబు ఇంటి పెరట్లోని బావి దగ్గరికి తీసుకెళ్లాను. మట్టంతా తవ్వి తీసి, బూడిద, కొబ్బరిపీచు పెట్టి తళతళలాడేలా తోమి, ఆ మట్టీ, బురదనీళ్లూ అక్కడి నిమ్మచెట్టు మొదట్లో పారబోశాను. కుండను ఎండలో బోర్లించాక గుర్తొచ్చింది రైతు అడిగిన మాట. ఏం వండుకున్నారో చెప్పాల్సింది ఆ మట్టే కదా! బుద్ధి తక్కువై ఇంకో పని కూడా చేశాను. మోరీ కాలవ పక్కనున్న మట్టి తెచ్చి కుండలో కూరి, ఏమీ ఎరగనట్టు దాని చోట పెట్టేశాను.

సాబు వచ్చి, చెంచా కాడతో మట్టిని కదిపారు. అందులోంచి ఒక వానపాము మెల్లగా బయటికొచ్చింది. ఆయన దాన్ని అరచేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, నవ్వకుండా అన్నారు. "వాహ్! ఇన్ని వందల ఏండ్లు బావి కింద పండుకున్నది, ఇంకా సచ్చిపోలేదు సూడు. రాసుకో బేటీ!"

కలం కింద పెట్టేశాను. బోరున ఏడ్చేశాను. "నేనే కడిగిన సాబ్. బాపుకు చెప్పకుండ్రి."

తిడతారనుకున్నాను. "నీళ్లు ఏడ పోసినవ్?" అని మాత్రం అడిగారు. చూపించాను. ఆ పెద్దాయన నిమ్మచెట్టు దగ్గర గొంతుక్కూర్చుని, తడిమట్టిని చేతులతో ఎత్తి బేసిన్‌లో వేశారు. "ఇంట్ల బియ్యం గాలిస్తవ్ గద. గట్లనే గాలించు" అన్నారు. నీళ్లు పోసి వంచుతూ గాలించాను. మొదటిసారి నాలుగు ఎండుటాకులే తేలాయి. మూడోసారి మాడి నల్లబడ్డ గింజలు పైకొచ్చాయి. ఆయన ఒకటి గోటిమీద పెట్టుకుని "జొన్న!" అన్నారు. హమ్మయ్య, ఆ గింజను చూసి ఎంత ఊపిరి పీల్చుకున్నానో! ఏడుస్తూనే నవ్వాను.

చీటీ మీద 'జొన్నలు, రెంజల్ బావి' అని రాసి ఊరుకోబోయాను. ఆయన ఒప్పుకోలేదు. 'కుండను నేను కడిగాను. గింజలు నిమ్మచెట్టు మొదట్లో దొరికాయి' అని కూడా రాయించారు. బతిమాలినా వినలేదు. తర్వాత కలం తీసుకుని కింద ఉర్దూలో ఒక వాక్యం రాసి, నాకు తెలుగులో చదివి వినిపించారు. "కడగొద్దని ముందుగాల చెప్పనిది నేను."

శుక్రవారం రైతు వచ్చాడు. కూతురు ఏం చేస్తోందో చూద్దామని బాపు కూడా వచ్చాడు, నా ఖర్మ! రైతుకు చదువు రాదు కాబట్టి ఆ చీటీని బాపు ఎదుటే నేను పైకి చదవాల్సి వచ్చింది. నేను రాసిందంతా చదివి, సాబు రాసిన ఉర్దూ వాక్యాన్ని విన్నది విన్నట్టే చెప్పాను. రైతు గింజలను అరచేతిలో వేసుకుని "అరె, మేం తినేది గిదే!" అని మురిసిపోయాడు. బాపు నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఇంటి గడప దగ్గర ఆగి, "మల్ల సాబ్ ఇంటికి ఎప్పుడు పోవాలె?" అని అడిగాడు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. నా చేతిలో ఏదైనా చెడితే, కోడలు అడిగేలోపే నీళ్లెక్కడ పోశానో చెప్పేస్తాను. ఇద్దరం కూర్చుని వెతికితే, చాలాసార్లు ఇంకా నాలుగు గింజలు దొరుకుతాయి.