దొడ్డి కంచె మీద నల్లంచి

శనివారం మధ్యాహ్నం నేనుండే మత్తిగిరిలో టౌన్ బస్సు ఎక్కినప్పుడే నాకు గుబులు మొదలైంది. వారమంతా కంపెనీ స్టోర్సులో పని చేసే నేను, సెలవు దొరికిన ఆదివారాల్లో పిట్టల కాళ్లకు కడేలు వేసే గుంపుతో తిరుగుతాను. వలలో పడిన పిట్టకు అంకెలు చెక్కిన సన్నని కడెం తొడిగి వదిలేస్తాం. అది మళ్లీ ఎప్పుడైనా దొరికితే దాని బతుకు సంగతి కొంత తెలుస్తుంది. పోయిన ఎండాకాలం పట్టుబట్టి వీళ్లను ఊత్తంగరై అవతల నా పుట్టింటి బీడుకు తీసుకెళ్లి, అక్కడ కొన్ని పిట్టలకు కడేలు వేయించాను. ఆ తర్వాత రెండుసార్లు వెళ్లినా, కడెం ఉన్న పిట్ట ఒక్కటీ పడలేదు. ఈసారీ పడకపోతే చెరువుల వైపు మారిపోదామని గుంపు పెద్ద రాఘవ సారు ఫోన్లో తేల్చేశారు. నేను గొర్రెలు కాసిన బీడును పనికిరాదంటే నాకెట్లా ఉంటుంది?

హోసూరు బస్టాండులో రెండున్నరకు కృష్ణగిరి బస్సు దొరికింది. బెంగళూరు నుంచి వచ్చేవి కిక్కిరిసి ఉంటాయి. ఇక్కడే బయలుదేరేది చూసి ఎక్కితే కిటికీ సీటు ఖాయం. పక్కన మామిడికాయల సంచీతో ఒకామె కూర్చుంది. ఎక్కడికని అడిగితే, పిట్టలకు కడేలు వేయడానికన్నాను.

"వెండివా అమ్మా?" అంది.

అల్యూమినియంవి అనగానే ఆమెకు నా మీదున్న గౌరవం కాస్త తగ్గింది. ఏ ఊరని అడిగితే మత్తిగిరి అన్నాను. పుట్టినూరి పేరు చెబితే అదెక్కడని అడుగుతారు, వివరించడం నాకు విసుగు.

కృష్ణగిరిలో టీ, వడ. నాలుగున్నరకు ఊత్తంగరై బస్సు, అక్కడినుంచి షేర్ ఆటో. చీకటి పడేలోపు మేనత్త మునెమ్మ ఇల్లు చేరాను. రాగి సంగటి, ఉలవల చారు పెట్టి, రేపు మీవాళ్లకు ఏ లోటూ ఉండదని అత్త మురిసిపోతూ చెప్పింది. ఏం చేసిపెట్టిందో అడగాలని నాకు తోచలేదు.

తెల్లవారుజామున ఐదుకు సారు, మరో ఇద్దరు కారులో వచ్చారు. అత్తనూ వెంటబెట్టుకుని బీడులోకి పోయి టార్చి వేశాను. పోయినసారి వలలు కట్టిన చోట రేగుపొదలు లేవు. నేలంతా ఊడ్చి, పేడనీళ్లు చల్లి, నడిమధ్య ముగ్గు కూడా వేసి ఉంది. పొదల చాటున కట్టిన వల పిట్టకు కనబడదు. బోడి నేల మీద కడితే ఆమడ దూరం నుంచే కనబడుతుంది.

"చుట్టాలొస్తారని శుభ్రం చేసినానమ్మా. ముండ్లలో ఎట్ల కూచుంటారు? గూడుండే పొద ఒక్కటీ కొట్టలేదు, చూసే కొట్టినాను" అంది అత్త.

సారు ముగ్గు తొక్కకుండా చుట్టూ నడిచి వల గుంజలు కింద పెట్టారు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది. అత్తను కోప్పడలేను, సారు ముఖం చూడలేను.

ఉన్నంతలో వలలు కట్టాం. ఏడు దాటినా గాలి తప్ప ఏమీ పడలేదు. ఎండ ముదిరితే పిట్టలకు ప్రమాదం, ఎనిమిదికల్లా విప్పేయాలి. కూర్చోలేక గొర్రెల దొడ్డి వైపు నడిచాను. అత్త అప్పుడే మందను బయటికి వదులుతోంది. కొట్టిన రేగుకంపను ఆమె పారేయలేదు, అంతా దొడ్డి చుట్టూ కంచెగా పేర్చింది. ఆ కంచె మీద ఒక మగ నల్లంచి, పిచ్చుకంత నల్లటి పిట్ట, తోక నిక్కించి నిలబడింది. కంపల కిందికి దూరి పురుగును పట్టుకుని మళ్లీ పైకి వచ్చింది. పొదలు ఎక్కడికి పోతే పిట్ట అక్కడికే పోయింది.

ఒక్క వల ఇక్కడికి మారుద్దామని సారును బతిమాలాను. ఆయన గడియారం చూసుకుని, సరే, అరగంటే అన్నారు. కంచె వారగా వల కట్టి దూరంగా వెళ్లి కూర్చున్నాం.

నల్లంచి పడింది. దాని కాలికి ఏదో మెరిసింది.

మెల్లగా విడిపించి చేతిలోకి తీసుకున్నాను. దాని గుండె నా వేలికి కొట్టుకుంటోంది. పోయినేడు మొదటిసారి నా చేత్తో వేసిన కడెం అంకెలు నాకు నోటికొచ్చు. సారు భూతద్దంతో ఒక్కొక్కటే చదువుతుంటే చివరి రెండూ నేనే చెప్పేశాను. ఆయన ఫోన్లో సరిచూసుకుని, నీ పిట్టే అన్నారు. గర్వంతో నాకు నవ్వు ఆగలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ మెప్పుకూ నాకట్లా కాలేదు.

అత్త వంగి కడెం చూసింది. "ఏడాదిగా ఈడనే ఉండిందా? పోయిందనుకున్న గొర్రె ఇంటికొచ్చినట్లుండాదమ్మా."

అరచేయి తెరవగానే నల్లంచి నేరుగా కంచె మీదికే పోయింది. వచ్చే ఎండాకాలమూ ఇక్కడికే వస్తామని, దయచేసి ఊడ్వవద్దని సారు అత్తకు నమస్కారం పెట్టి మరీ చెప్పారు.

"ఊడ్వను లేప్పా. ముండ్లు గుచ్చుకుంటే నన్ననొద్దు" అంది అత్త.

ఈ దారిన వెళ్లదలచినవారికి ఒక మాట. వలలు, కడేలు అనుమతి, శిక్షణ ఉన్నవారికే. చూడటానికైతే కళ్లు, నీళ్ల సీసా చాలు. పొద్దెక్కేలోపు వెళ్లండి.

మధ్యాహ్నం కృష్ణగిరిలో హోసూరు బస్సు ఎక్కాను. పక్కనున్న పెద్దాయన, యాడనుంచి వస్తాండావమ్మా అన్నాడు. ఈసారి మత్తిగిరి పేరు ఎత్తలేదు, నా ఊరి పేరే చెప్పాను. అదెక్కడుందని అడిగాడు. బస్సు సగం దారిలో సూళగిరి దాటేవరకూ చెబుతూనే ఉన్నాను.